మారెక్క కొంగు

ఆసుపత్రిలో చేతులు కడుక్కోకుండా ఎవరైనా పిల్లల మంచం మీద చెయ్యి వేస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఇంట్లోవాళ్లు దీన్ని కాంపౌండరు చాదస్తం అంటారు. అంటే అననీ. ఈ చాదస్తం నేను చదివిన పుస్తకాల్లోంచి రాలేదు. సంతకం కూడా రాని మారెక్క అనే ఆయా దగ్గర నేర్చుకున్నాను. ఆమెకు అది ఎట్లా పట్టుకుందో చెప్పాలంటే ముందు ఆమె కొంగు గురించి చెప్పాలి.

శింగనమల వైపు పోయే దారిలో మాదొక చిన్న ధర్మాసుపత్రి. పెద్దవాళ్లకొక వార్డు, పిల్లలకొక వార్డు, మందుల గది, వెనక వంటపాక. అంతే. పిల్లల వార్డులో పది మంచాలు. పంతొమ్మిది వందల డెబ్భైలో నేను అక్కడ కాంపౌండరుగా చేరాను. నా పేరు ఓబుళేసు అయినా అందరికీ కాంపౌండరునే. మరుసటి ఏడాది మారెక్క పని అడుక్కుంటూ వచ్చింది. గొర్రెల కాపరుల ఇంటి మనిషి. కరువులో మేత లేక మందంతా పోయింది, ఆ బెంగతోనే మొగుడూ పోయాడు. అప్పటికి ఆమెకు నలభై ఉంటాయి. మా డాక్టరు హనుమంతప్ప ఆమెను ఎగాదిగా చూసి అడిగారు.

“ఏం పని తెలుసమ్మా?”

“గొర్రెపిల్లల్ని సాకేది తెలుసు సామీ.”

“ఈడ ఉండేది మనుషుల పిల్లలు.”

“ఇవి గూడా అట్లే అరుస్తాండాయి గదా సామీ!”

డాక్టరు నవ్వారు. ఆ నవ్వే ఆమెకు ఉద్యోగం.

ఆమె చేరిన వారానికి వార్డులో ఏడుపులు తగ్గాయి. ఏం మంత్రం వేసిందో అని మొదట్లో గమనించాను. మంత్రమేమీ లేదు, కొంగు ఉంది. ముతక నూలు చీర, వెడల్పాటి కొంగు. దాని మూలన ముడి వేసి బొరుగులు, పప్పులు పెట్టుకునేది. సూది పొడిచాక ఏడ్చే పిల్లకు ఆ ముడి విప్పేది. జ్వరంతో చెమట పడితే కొంగు, పాలు కక్కితే కొంగు, చీమిడి కారితే కొంగు. పొద్దున్నే ఒకటో మంచంతో మొదలుపెట్టి పదో మంచం దాకా ఒక్కొక్కరి మొహం తుడుచుకుంటూ పోయేది. తల్లులకు అది చూస్తే ప్రాణం లేచొచ్చేది. మా వైపు ఆడమనిషి ఎవరి బిడ్డకైనా కొంగుతో మూతి తుడిచిందంటే, ఆ బిడ్డను తన బిడ్డ అనుకున్నట్టే. తుడవాల్సిన చోట తుడవకుండా నిలబడిందంటే అంతకు మించిన అవమానం లేదు. పదేళ్లయినా ఆ మాట మరిచిపోరు. “ఆ పొద్దు నా బిడ్డ మూతి తుడవల్యా” అని పెళ్లి పందిట్లో కూడా ఎత్తి చూపుతారు.

నేను మాత్రం జేబురుమాలు వాడేవాణ్ణి. దాని సంగతి తర్వాత.

డెబ్భై ఎనిమిది జనవరిలో మా వైపు ఫ్లూ జ్వరం వచ్చింది. పొలాల్లో వేరుశెనక్కాయ పని అయిపోయి జనం కాస్త ఊపిరి తీసుకునే కాలం. పొద్దున పూట ఎముకలు కొరికే చలిగాలి. ఆ గాలిలో ఊళ్లకు ఊళ్లు దగ్గుతూ కూర్చున్నాయి. మా నర్సమ్మ కూడా పడిపోతే డాక్టరు ఆమెను వారం రోజులు వార్డు గడప తొక్కవద్దని ఇంటికి పంపారు. గుంతకల్లు నుంచి చుట్టాల ఊరికి వచ్చిన ఒక పిల్లవాడు ఒళ్లు కాలిపోతూ మా దగ్గరికి వచ్చాడు. వాడికి ఒకటో మంచం ఇచ్చాం.

రెండు రోజులు గడిచేసరికి, కడుపు నొప్పికి వచ్చిన రెండో మంచం పిల్లకు జ్వరం. ఆ వెంటనే మూడుకు. ఇంకో రెండు రోజులకు నాలుగు, అయిదు. వీళ్లెవరూ జ్వరంతో వచ్చినవాళ్లు కాదు. మా దగ్గరికి వచ్చి తెచ్చుకున్నవాళ్లు. బాగు చేసుకుందామని వస్తే మేమే కొత్త రోగం అంటగట్టి పంపితే ఇక ఆసుపత్రి ఎందుకు, అడ్డాకులు కుట్టుకుందాం అని నేను చిందులు తొక్కాను.

నా మొదటి అనుమానం నీళ్ల కుండ మీద. దాన్ని పగలగొట్టించాను. రెండో అనుమానం చూడటానికి వచ్చే చుట్టాల మీద. మా వైపు ఒక్కరు మంచాన పడితే పదిమంది ఎద్దులబండి కట్టుకుని వస్తారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కో పేషెంటుకు ఒక్క మనిషే అని గొంతు చించుకున్నాను. డాక్టరు కిటికీలన్నీ బార్లా తెరిపించి, మంచాల మధ్య దూరం పెంచారు. నేను అటు తిరగగానే మారెక్క కిటికీలు మూసేది, పిల్లలకు చలి అని. ఎంత చేసినా ఏడో మంచానికి వచ్చేసింది.

ఏడో మంచానికి వచ్చిన రోజునే ఆంజినమ్మ వచ్చింది, పది నెలల కొడుకును చంకనేసుకుని. అత్తిల్లు ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. పుట్టిల్లు మా పక్క ఊరు. పురిట్లో ఇద్దరు బిడ్డలు దక్కలేదు. మూడోవాడు పుట్టగానే మా వైపు అలవాటు ప్రకారం తిప్ప మీద, అంటే చెత్తదిబ్బ మీద దొర్లించి, తిప్పయ్య అని పేరు పెట్టారు, దిబ్బ మీద పారేసిన బిడ్డ మీద చావుకు కన్నుపడదని. ఆ తిప్పయ్యకు తట్టు పోసి తగ్గాక ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆరు గంటలకొక సూది. ఖాళీగా ఉన్నది పదో మంచం ఒక్కటే. పెద్దల వార్డు నిండా దగ్గేవాళ్లే కాబట్టి వేరే చోటు లేదు.

గుమ్మంలో నిలబడి ఆంజినమ్మ ఏడుస్తుంటే మారెక్క కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. పొత్తిళ్లలో నిద్రపోతున్న బిడ్డను లేపలేదు. ఆ క్షణం నుంచి ఆంజినమ్మకు మారెక్క అక్క అయిపోయింది.

డాక్టరు నన్ను మందుల గదిలోకి పిలిచి తలుపు వేశారు. “ఓబుళేసూ, ఇది పదో మంచానికి పోయిందంటే ఆ పసివాడు తట్టుకోలేడు. మనకు రెండు రోజులు ఉన్నాయి, అంతే,” అన్నారు. గోడ మీద బొగ్గుతో పది గళ్లు గీసి, ఏ మంచానికి ఏ రోజు జ్వరం వచ్చిందో నాతో రాయించారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఏడు. ఆరో గడి ఖాళీ.

ఆరో మంచంలో ఓబమ్మ అని ఏడేళ్ల పిల్ల. చింతచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, పట్టీతో పడుకుని ఉంది. దాని నోటికి జడిసి నేను మందు చెంచా కూడా దూరం నుంచే అందించేవాణ్ణి. డాక్టరు దాని మంచం పక్కన కూర్చున్నారు.

“ఏం ఓబమ్మా, అందరికీ జరం వచ్చె, నీకు రాలేదు. ఏం తింటివి?”

“అందరు తినిందే తింటి. నా ముక్కు మాత్రం నేనే తుడుచుకుంటా. మారెక్క తుడిచేకి వస్తే కరుస్తా.”

“యాల కరుస్తావ్?”

“ఆ కొంగు తడితడిగా ఉంటాది సామీ. వానికి తుడిచి, దానికి తుడిచి, అదే నాకు తుడుస్తాది. థూ!” అని, నా వైపు వేలు చూపించింది. “ఈ కాంపౌండరు రుమాలు ఇంకా రోత. తుమ్మి, జేబులో పెట్టుకొని, అదే చేత్తో మాత్ర ఇస్తాడు.”

డాక్టరు నా వైపు చూశారు. నా చెయ్యి జేబులోనే, రుమాలు మీదే ఉంది. మేమిద్దరం కుండలు పగలగొట్టి, చుట్టాలను తరిమి, బొగ్గుతో లెక్కలు వేసి కనుక్కోలేనిది ఏడేళ్ల పిల్ల కక్కేసింది. జ్వరం చీమిడిలో ఉంది, తుమ్ములో ఉంది, కొంగు మీద కూర్చుని రోజూ పొద్దున్నే ఒకటో మంచం నుంచి వరసగా ప్రయాణం చేస్తోంది.

ఇక ఆమెకు చెప్పడం ఎవరు? డాక్టరు హనుమంతప్ప ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా మొహాన చెప్పే మనిషి. ఆయనే “నువ్వు చెప్పు ఓబుళేసూ” అన్నారు. “మీరే చెప్పండి సార్” అని నేను సీసాలు సర్దడం మొదలుపెట్టాను. ఆఖరికి ఇద్దరం కలిసి మందుల గదిలో చెప్పాం. ఆ గోడ మీది గళ్లు చూపించి, మెల్లగా, నిందలా కాకుండా చెప్పాలని డాక్టరు చాలా తంటాలు పడ్డారు. మారెక్క ఖాళీగా ఉన్న ఆరో గడి దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“అంటే, ఏడిస్తే తుడిస్తి చూడు, ఆ బిడ్డలకంతా నేనేనా సామీ?”

“నీకు తెలీదు కదమ్మా. మాకే తెలీలేదు.”

మారెక్క కొంగు మూలనున్న ముడి విప్పి, బొరుగులు కిటికీలోంచి పిచ్చుకలకు పారబోసింది. కొంగును గట్టిగా నడుముకు చుట్టి దోపుకుని, చేతులు కడుక్కోవడానికి పోయింది. చేతులు ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుతూనే ఉంది. చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. సంగతి బయటికి చెప్పవద్దని డాక్టరు అన్నారు. తల్లిదండ్రులకు తెలిస్తే ఆమె మీద చెయ్యి చేసుకుంటారేమోనని ఆయన భయం.

అసలు కష్టం మరుసటి పొద్దున వచ్చింది. తిప్పయ్య పాలు కక్కాడు. ఆంజినమ్మ వాణ్ణి చనువుగా మారెక్క ముందుకు చాపింది.

“కొంచెం తుడువక్కా.”

మారెక్క ఒక అడుగు వెనక్కి వేసింది. “ఉండమ్మా, గుడ్డ తెస్తా.”

“గుడ్డ ఎందుకక్కా, కొంగు లేదా?”

వార్డులో తల్లులంతా తలలు తిప్పి చూశారు. ఆంజినమ్మ మొహం వాడిపోయింది.

“నిన్న నా కండ్లు తుడిచినావు. ఈ పొద్దు నా బిడ్డ మూతి తుడిచేకి రోత వచ్చెనా? ఇద్దరు బిడ్డల్ని మింగినదాని బిడ్డ అని ఎవురన్నా చెప్పినారా?”

అంతే. బిడ్డను చంకకెత్తుకుని మూట కట్టడం మొదలుపెట్టింది, పదకొండు గంటల బస్సుకు పోతానని. పోతే సూదులు ఎవరు వేస్తారు? వాళ్ల ఊళ్లో ఇంటింటా ఇదే దగ్గు. నేను పరిగెత్తుకుని పోయి గుమ్మానికి అడ్డం నిలబడి, డాక్టరు రాయనిదే పంపేది లేదు, రూల్సు ఒప్పుకోవు అని అరిచాను. రూల్సు అనే మాట వినగానే ఆమె ఇంకో ముడి గట్టిగా బిగించింది. నా తెలివి అలాంటిది.

ఒక్కసారి కొంగు తీసి తుడిస్తే ఆంజినమ్మ ఆగిపోతుంది. అది మారెక్కకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె చెయ్యి నడుము దాకా పోయింది కూడా. ఆమె కొంగు విప్పింది. కానీ బిడ్డ దగ్గరికి పోలేదు. వార్డు మధ్యకు వచ్చి, ఆ కొంగును రెండు చేతులా వెడల్పుగా పరిచి పట్టుకుంది.

“రోత నీ బిడ్డ మీద కాదు తల్లీ, ఈ కొంగు మీద. ఒకటో మంచం జరం రెండుకు, రెండుది మూడుకు, ఈ కొంగే మోసినాది. నాకు తెలీక మోస్తి. నీ బిడ్డ దగ్గరికి మాత్రం మోయను. నన్ను తిట్టు, పడతా. బిడ్డను తీసకపోవద్దు.”

మూడో మంచం పిల్లవాడి తల్లి లేచి నిలబడింది. మనిషి బలంగా ఉంటుంది. “అంటే మా వానికి జరం తెచ్చింది నువ్వా?” అంది.

“నేనే. కొట్టేదుంటే కొట్టమ్మా. కొట్టినాంక మాత్రం చెయ్యి కడుక్కో.”

ఆరో మంచం మీంచి ఓబమ్మ అరిచింది. “నేను మొదట్నుంచి చెప్తానే ఉండా! ఎవురన్నా ఇంటిరా?”

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆ కొట్టడానికి లేచిన మనిషే అనుకుంటాను. తర్వాత అందరూ నవ్వారు. ఆంజినమ్మ నవ్వలేదు. మూట కింద పెట్టి, ముడులు ఒక్కొక్కటే విప్పి, బిడ్డను పదో మంచంలో పడుకోబెట్టింది. మారెక్క ఆ మంచానికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఏడుస్తోంది, తుడుచుకోవడానికి ఏమీ లేక.

ఆ మధ్యాహ్నం మారెక్క తన రెండో చీర చింపింది. ఆమెకు ఉన్నవి మూడు. దాన్ని పది గుడ్డలు చేసింది, మంచానికొకటి. ఏది ఎవరిదో గుర్తు కావాలి కదా, అంకెలు వేస్తే చదివేదెవరు? ఆంజినమ్మ తన సంచిలోంచి రంగురంగుల పట్టు దారం తుంపులు తీసింది. మగ్గం ఇంటి ఆడది, దారం లేకుండా ఎక్కడికీ పోదు. ఒక్కో గుడ్డ మూలన ఒక్కో బొమ్మ కుట్టింది. కోడి, నిచ్చెన, గొడుగు, చేప. ఓబమ్మకు తేలు. “నాది కోడి, నీది నిచ్చెన” అని పిల్లలు కొట్లాడుకునేవాళ్లు కానీ ఒకరి గుడ్డ ఒకరు ముట్టేవాళ్లు కాదు. రోజూ వాటిని మారెక్క వంటపాకలో ఉడకబెట్టి ఎండలో ఆరేసేది.

నీళ్లతోనే చిక్కు. ఆ ఏడాది బావిలో నీళ్లు అడుగంటి, మైలు దూరం నుంచి కొండప్ప అనే అతను బండి మీద డ్రమ్ములు తెచ్చేవాడు. ఇంకో రెండు డ్రమ్ములు కావాలని మారెక్క అతని ఎద్దుల ముందు అడ్డం కూర్చుని సాధించింది. వార్డు గుమ్మంలో ఒక కుండ పెట్టి, అడుగున చిన్న బెజ్జం చేసి పుల్ల దోపింది. పుల్ల తీస్తే సన్నటి ధార, చేతులకు సరిపోయేంత. సబ్బు ముక్క తాడుకు వేలాడేది. డాక్టరైనా సరే, చుట్టమైనా సరే, పుల్ల తీయనిదే లోపలికి లేదు. ఇక కిటికీలు ఆమె మూయలేదు సరికదా, ఎవరైనా మూస్తే ఊరుకునేది కాదు. నా రుమాలును పటకారుతో పట్టుకుపోయి ఉడకబెట్టింది. తుమ్మితే మోచేతి మడతలోకి తుమ్మమని డాక్టరు చెబితే, నేను మరిచిపోయినప్పుడల్లా “ఏమప్పా కాంపౌండరూ!” అని వార్డు అదిరిపోయేలా అరిచేది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఆంజినమ్మ మూతికి గుడ్డ కట్టుకునేది.

మరుసటి రోజు ఎనిమిదో మంచానికి జ్వరం వచ్చింది. అది ముందే అంటుకున్నదని డాక్టరు అన్నారు. ఆ తర్వాతి రోజు మారెక్కకే వచ్చింది. ఒళ్లు వెచ్చబడగానే ఎవరూ చెప్పకుండానే ఆసుపత్రి అవతల పశువుల మేతకు వేసిన శెనక్కాయ కట్టె వామి పక్కన కొట్టంలో పడక వేసుకుంది. కంబళి కప్పుకుని అక్కడి నుంచే అధికారం చెలాయించింది.

“కాంపౌండరూ! చెయ్యి కడిగినావా?”

“కడిగినా!”

“సబ్బుతోనా?”

“సబ్బుతోనే తల్లీ!”

“తొమ్మిదో మంచం ఎట్లుండాది?”

“బాగుండాది!”

“పదో మంచం?”

ఆ ఒక్క ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం ఆమె గొంతు సన్నబడేది. నాలుగు రోజులు, పూటకు మూడుసార్లు అడిగింది. నాలుగు రోజులూ నేను “బాగుండాడు” అనే అరిచాను. అదృష్టం, ఒక్కసారి కూడా అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు. తొమ్మిదో మంచానికి జ్వరం రాలేదు. పదో మంచానికీ రాలేదు. తిప్పయ్య పదహారు రోజులుండి, బుగ్గలు వచ్చాక ఇంటికి బయలుదేరాడు.

బస్సు కోసం నిలబడి ఆంజినమ్మ అడిగింది. “జరం పోయె గదక్కా. ఇప్పుడన్నా నా బిడ్డ మూతి తుడుస్తావా?”

“ఈడ పని చేసినన్నాళ్లూ ఎవురికీ తుడవనమ్మా. ఒకరికి తుడిస్తే చెయ్యి ఊరుకోదు.”

ఆంజినమ్మ తల ఊపింది. కోపం లేదు కానీ ఆ కొరత ఆమె మొహంలో కనిపించింది. నాకూ మనసు చివుక్కుమంది.

మారెక్క మాట అంటే మాటే. ఇంకో పదేళ్లు పనిచేసింది. ప్రతి చలికాలం ఫ్లూ మా గుమ్మం దాకా వచ్చేది, కుండ దగ్గర ఆమెను చూసి ఆలోచించుకునేది. ఒకరిద్దరికి వచ్చినా వార్డు మొత్తం చుట్టి రాలేదు. కొత్తగా వచ్చిన ఆయాలకు ఆమె నేర్పే మొదటి పాఠం కొంగు దోపుకోవడం. కుండలు మూడు మారాయి, బెజ్జం, పుల్ల మారలేదు. గుడ్డలు చిరిగినప్పుడల్లా ధర్మవరం నుంచి కొత్తవి వచ్చేవి, అవే బొమ్మలతో. ఏ పిల్ల ఎంత ఏడ్చినా ఆమె కొంగు మాత్రం నడుము విడిచి బయటికి రాలేదు. రాకుండా ఉండటానికి ఆమె ఎంత అవస్థ పడేదో పక్కనుండి చూసినవాణ్ణి. ఒక్కోసారి రెండు చేతులతో నడుం పట్టుకుని నిలబడేది.

ఎనభై ఎనిమిదిలో ఆమె పని మానే రోజు వచ్చింది. డాక్టరు నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పారు. అందరికీ లడ్లు పంచాం. మారెక్క వార్డు అంతా ఒకసారి తిరిగి, కుండ దగ్గర పుల్ల తీసి చేతులు కడుక్కుని, తాళాలు నా చేతిలో పెట్టి గేటు దాటింది.

గేటు అవతల ఆంజినమ్మ నిలబడి ఉంది. పక్కన తిప్పయ్య, పదేళ్ల పొడుగు. లోపలికి వచ్చేటప్పుడు చేతులు కడుక్కున్నాడు, బయటికి పోయి లడ్డు తిన్నాడు. మూతి నిండా నెయ్యి, బూందీ.

“నీ పని అయిపాయ గదక్కా,” అంది ఆంజినమ్మ. “ఇప్పుడన్నా తుడువక్కా.”

మారెక్క చుట్టూ చూసింది. ఆసుపత్రి గోడను చూసింది. తర్వాత నడుము దగ్గర దోపిన కొంగును, పదేళ్లుగా దోపిన కొంగును, మెల్లగా లాగింది. తిప్పయ్య గడ్డం పట్టుకుని మూతి తుడిచింది, బుగ్గలు తుడిచింది, ఏమీ లేని నుదురు కూడా తుడిచింది. వాడు సిగ్గుతో మెలికలు తిరుగుతూ “చాలు పెద్దమ్మా” అంటున్నా వదల్లేదు. ఆంజినమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే అదే కొంగు అటు తిప్పబోయి, చటుక్కున ఆగి, మడత మార్చి శుభ్రమైన కొసతో తుడిచింది.

నేను గేటు పట్టుకుని చూస్తున్నాను. ఆమె నన్ను చూసి గొంతు పెంచింది.

“ఏమప్పా కాంపౌండరూ, అట్ల చూస్తాండావ్? ఈ పొద్దు ఉతికి కట్టిన చీరే!”